తడిచేతి వేణుగోపాలస్వామి

సోమరేవు వేణుగోపాలస్వామి ఆలయానికి కొత్తగా వచ్చే భక్తులకు ఒక మనవి. ఇక్కడ తీర్థం పుచ్చుకున్న చేతిని తలకు రాసుకోకండి. అలవాటు కొద్దీ చెయ్యి పైకి లేస్తే పక్కనున్నవారే పట్టుకుని ఆపుతారు. ఇదేం వింత ఆచారమని వారిని అనుమానంగా చూడకండి. ఈ గుడిలో అనుమానం ఒకసారి చెయ్యవలసినంత చేసింది.

మన ముత్తాతలకు ముత్తాతల కాలంలో శింగరాచార్యులవారు ఇక్కడ అర్చకులు. మడి, ఆచారం దగ్గర నిప్పులాంటి మనిషి. తీర్థం గిన్నెల్లో పట్టుకుపోతామంటే ఒప్పుకునేవారు కాదు. మనిషికి ఒక్క ఉద్ధరిణె, అదీ తన ఎదుటే పుచ్చుకోవాలి. ఎవరి చూపు స్వామి మీద ఉందో, ఎవరి చూపు పులిహోర మీద ఉందో ఓ కంట కనిపెడుతూనే ఉండేవారు. ఆ కంటికి చెల్లాయమ్మ చిక్కింది.

చెల్లాయమ్మ విస్తళ్ళు కుట్టుకుని బతికే ఒంటరి మనిషి. ఊళ్ళో కాన్పు అంటే ఆవిడ ఉండాలి, జ్వరం అంటే ఆవిడ కాచిన జావ ఉండాలి. రోజూ పొద్దున్నే స్నానం చేసి, ఒక కట్ట విస్తళ్ళు గుడి గుమ్మంలో పెట్టి, వరసలో చివర నిలబడేది. అంతవరకూ పేరు పెట్టడానికి లేదు. కానీ పోసిన తీర్థం తాగేది కాదు, తలకు రాసుకునేది కాదు. అరచెయ్యి దొప్పలా పట్టి, పైన కొంగు కప్పి, ఉత్తర వాకిలిలోంచి గబగబా వెళ్ళిపోయేది.

"తీర్థం పుచ్చుకోవేం, చెల్లాయమ్మా?" అని అడిగారు ఆచార్యులవారు ఒకరోజు.

"ఇంటికెళ్ళి పుచ్చుకుంటాను, స్వామీ."

ఆవిడ ఇల్లు తూర్పువీధిలో. ఉత్తర వాకిలి దాటితే ఏటిగట్టు, తుమ్మచెట్లు తప్ప మరేమీ లేవు. స్వామి సన్నిధిలో పచ్చి అబద్ధం! ఆ నెలలోనే ఊళ్ళో రెండు పాడిగేదెలు వట్టిపోయాయి. కరణంగారి పెరట్లో కాపుకొచ్చిన నిమ్మచెట్టు నిలువునా ఎండింది. ఆచార్యులవారు వీటన్నిటినీ తీసుకెళ్ళి ఆ కొంగుకే ముడిపెట్టారు. స్వామి తీర్థంతో ఏదో క్షుద్రం జరుగుతోందని తేల్చేసుకున్నారు. మర్నాటి నుంచి చెల్లాయమ్మ చెయ్యి చాపినా ఉద్ధరిణె వంచలేదు. మూడు రోజులు ఆవిడ ఖాళీ చేత్తో నిలబడింది. నాలుగో రోజు అసలు రాలేదు. పీడ వదిలిందనుకున్నారాయన.

ఆ మధ్యాహ్నం భోజనం చేసి కునుకు తీస్తుంటే కలలో వేణుగోపాలుడు కనిపించాడు. పెదవుల దగ్గర వేణువు లేదు. పెదవులు ఎండి చిట్లి ఉన్నాయి.

"శింగరాచార్యా, మూడు రోజులై నా తీర్థం నాకు అందలేదు. ఆవిడ తెచ్చినట్టే, చేత్తో తీసుకురా."

ఉలిక్కిపడి లేచిన ఆచార్యులవారు ముందు ఆ కలనే అనుమానించారు. గుమ్మడికాయ దప్పళం ఎక్కువైందేమో అనుకున్నారు. అయినా ఆ చిట్లిన పెదవులు కళ్ళముందు నుంచి కదల్లేదు. సరే, ఆవిడ గుట్టయినా బయటపడుతుందని గుడి తెరిచి, అరచేతిలో తీర్థం పోసుకుని ఉత్తర వాకిలి దాటారు. నాలుగడుగులకే వేళ్ళ సందుల్లోంచి బొట్టు జారింది. గట్టు ఎక్కేసరికి ఇంకొంచెం పోయింది. ఆవిడ ఇన్నాళ్ళూ ఎలా నడిచిందో ఆయనకు అప్పుడు తెలిసింది.

తుమ్మచెట్ల మధ్య ఒక తాటాకు పాక ఉంది. లోపల పడుకున్న మనిషిని చూసి ఆచార్యులవారి కాళ్ళు ఆగిపోయాయి. పాతికేళ్ళు ఈ స్వామి సేవలో సన్నాయి ఊదిన ఎర్రయ్య! జబ్బు చేసి వేళ్ళు పోతుంటే, గుడి గడప తొక్కవద్దని పంపేసింది తానే. చెల్లాయమ్మ అతని తల ఒళ్ళో పెట్టుకుని నోట్లో నీళ్ళు పోస్తోంది.

"ఏటినీళ్ళు, స్వామీ. తీర్థమని చెబితే నమ్మడం లేదు. తులసి వాసన లేదంటున్నాడు," అంది. "మీతో అబద్ధమాడాను. ఇక్కడికి వస్తున్నానని తెలిస్తే నన్నూ గుడికి రానివ్వరు, ఇతనికి ఆ చుక్క కూడా ఉండదు. తప్పు నాది, ఈ ఒక్క పూటకి ఇతనికి పొయ్యండి."

ఆచార్యులవారు చెయ్యి విప్పారు. చుక్క నీరు లేదు. ఒక తులసిదళం మాత్రం అంటుకుని ఉంది. ఆయన సిగ్గుతో కుంగిపోయి ఏడ్చారు.

"తడుంది కదా, బాబూ," అన్నాడు ఎర్రయ్య. "చాలు."

ఆచార్యులవారు ఆ తడిచేతిని అతని కళ్ళకు అద్దారు. దళం అతని నోట్లో పెట్టారు. దీపాలవేళకు ఎర్రయ్య స్వామిలో కలిసిపోయాడు.

చెల్లాయమ్మ ఆ తరవాత చాలా ఏళ్ళు బతికింది. మంచం పట్టిన ఎందరికో ఉత్తర వాకిలి గుండానే తీర్థం మోసింది. దాన్ని నేటికీ చెల్లాయమ్మ వాకిలి అంటారు. ఇక్కడ ప్రతి భక్తుడికీ రెండు ఉద్ధరిణెల తీర్థం ఇస్తారు. మొదటిది మీకు. రెండోది గుడికి రాలేనివారికి. తడి అందిన కళ్ళకు స్వామి దర్శనఫలం పూర్తిగా దక్కుతుందని పెద్దల మాట.

రెండో ఉద్ధరిణె పోసేటప్పుడు అర్చకులు కళ్ళు మూసుకుంటారు. శింగరాచార్యులవారు తన వంశానికి పెట్టిన నియమం అది. ఎవరికని వారు అడగరు, మీరు చెప్పనక్కర్లేదు. తడి ఆరకముందే బయలుదేరండి.