పేరుతో పాటు గుర్రం

గుమ్మడిపూడి సెంటర్లో అద్దె సైకిళ్ళ షాపు నడిపే బసవపున్నయ్యకు కూతురంటే పంచప్రాణాలు, కానీ ఆ పిల్ల ఎక్కడ పడిపోతుందో, ఎక్కడ దెబ్బ తగిలించుకుంటుందో అని పొద్దస్తమానం భయపడుతూ ఉండేవాడు.

నేను ఆ ఊరి హైస్కూల్లో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పాను. రోజూ హాజరు పిలిచే మనిషిని కాబట్టి పేర్ల సంగతి నాకే బాగా తెలుసని ఊళ్ళో ఒక నమ్మకం ఉండేది. నిజం చెప్పొద్దూ, నాకూ ఉండేది. అందుకే కూతురు పుట్టిన పదో రోజున బసవపున్నయ్య మా ఇంటి ముందు సైకిలు స్టాండు వేసి అరుగు మీద కూర్చున్నాడు.

“పంతులమ్మగారూ, పిల్లకు మంచి పేరు చెప్పాలి. సినిమా పేర్లు వద్దండీ. చరిత్రలో నిలిచిపోయిన ఆడమనిషి పేరు కావాలి,” అన్నాడు.

నేను ఓరుగల్లును ఏలిన రుద్రమదేవి కథ చెప్పాను. కొడుకులు లేని తండ్రి ఆమెను కొడుకులా పెంచి, రుద్రదేవుడని పిలిచి, సింహాసనం అప్పగించాడని చెప్పాను. ఆమె గుర్రమెక్కి యుద్ధానికి వెళ్ళేదని చెబుతుంటే బసవపున్నయ్య కళ్ళు చెమర్చాయి. “ఇంకేం ఆలోచించక్కర్లేదు, అదే ఖాయం,” అని లేచాడు. నాలుగడుగులు వేసి మళ్ళీ వెనక్కి వచ్చాడు.

“గుర్రం ఏ రంగుదండీ?” అని అడిగాడు.

“నేనేమైనా చూశానా పున్నయ్యా? తెల్లదనుకో,” అన్నాను.

బారసాల నాడు పళ్ళెంలో బియ్యం పోసి, ఉంగరంతో ‘రుద్రమదేవి’ అని రాశాడు. ‘ద్ర’ కింద వత్తు కలిసిపోతే, బియ్యం సర్ది మళ్ళీ మొదటి నుంచి రాశాడు. బసవపున్నయ్య తల్లి నరసమ్మకు తన తల్లి పేరు పెట్టించుకోవాలని ఉండేది. అయినా సర్దుకుపోయి, ఉయ్యాల దగ్గర వంగి, “రుద్రీ,” అని పిలిచింది.

“రుద్రీ ఏమిటమ్మా? రుద్రమదేవి అను. రాణిగారి పేరు తుంచకూడదు,” అన్నాడు బసవపున్నయ్య.

“నోట్లో పళ్ళు లేవురా నాయనా. నేను అంత పేరూ పలికేసరికి నీ కూతురు పాకుకుంటూ వీధిలోకి పోతుంది,” అంది నరసమ్మ. అందరం నవ్వాం.

ఆ నెలలోనే షాపు పేరు మారింది. ‘రుద్రమదేవి సైకిల్ మార్ట్’ అని కొత్త బోర్డు వేయించాడు. అందులో రాణి తెల్ల గుర్రం మీద కత్తి ఎత్తి కూర్చుని ఉండేది. గుర్రం కాళ్ళు బల్ల కాళ్ళలా వచ్చాయి గాని, రాణి ముఖం మాత్రం కళకళలాడేది. ఆ రోజుల్లో ఆ బోర్డు కింద నిలబడని పిల్లలు మా ఊళ్ళో లేరు. సెలవు రోజున పొద్దున్నే వెళ్తే గాని చిన్న సైకిలు దొరికేది కాదు. గంటసేపటికి తీసుకుని, సగం సేపు పడడానికి, సగం సేపు లేవడానికి సరిపెట్టేవాళ్ళు. ఇప్పటికీ ఎక్కడైనా పంక్చరు అతికించే రబ్బరు ద్రావకం వాసన తగిలితే నాకు ఆ సెంటరే గుర్తొస్తుంది.

ఊరి పిల్లలంతా అక్కడే సైకిలు నేర్చుకున్నారు. ఒక్క రుద్రమదేవి తప్ప.

ఆ పిల్ల బోర్డు కింద స్టూలు మీద కూర్చుని వచ్చేపోయే సైకిళ్ళను చూస్తూ ఉండేది. పెడలు మీద చేయి వేస్తే చాలు, “పడతావు తల్లీ,” అనేవాడు తండ్రి. అతని భయానికి కారణం లేకపోలేదు. పడ్డ పిల్లలందరూ ఇంటికి వెళ్ళేముందు వంకరపోయిన సైకిలుతో అతని దగ్గరికే వచ్చేవాళ్ళు. అతను పంక్చరు సామాను పక్కనే దూదీ, టించరు సీసా పెట్టుకునేవాడు. అన్ని మోకాళ్ళు కడిగిన మనిషికి కూతురి మోకాలు తలచుకుంటేనే గుండె జారిపోయేది.

“పున్నయ్యా, గుర్రమెక్కిన రాణి పేరు పెట్టి పిల్లను స్టూలు ఎక్కించావేమిటయ్యా?” అని నేను రెండు మూడుసార్లు అడిగాను.

“ఆవిడ మహారాణి అండీ, చుట్టూ సైన్యం ఉంటుంది. దీనికి నేనొక్కణ్ణేగా,” అనేవాడు.

నేను నవ్వి ఊరుకునేదాన్ని. ఊరుకోకుండా ఉండాల్సింది.

రుద్రమదేవి పదో తరగతికి వచ్చింది. లెక్కల్లో చురుకు. నర్సు ట్రైనింగుకు వెళ్ళాలని ఆ పిల్ల కోరిక. పదో తరగతి పాసైతే ఆ వేసవిలోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. పరీక్షా కేంద్రం ఆరు మైళ్ళ దూరంలో వేమవరంలో పడింది. మగపిల్లలు, కొందరు ఆడపిల్లలు సైకిళ్ళ మీద వెళ్ళేవాళ్ళు. బసవపున్నయ్య మాత్రం కూతురితో, “నువ్వు బస్సులోనే వెళ్ళు. ఎవరి సైకిలు వెనకా కూర్చోవద్దు,” అని గట్టిగా చెప్పాడు.

లెక్కల పరీక్షకు ముందురోజు ఒక విచిత్రం జరిగింది. లోకాన్నంతా పడతారు పడతారని హెచ్చరించే మనిషి తానే బావి దగ్గర పాచి మీద జారిపడ్డాడు. చీలమండ గుమ్మడికాయలా వాచి మంచం ఎక్కాడు.

మర్నాడు పొద్దున రుద్రమదేవి బస్సు కోసం సెంటర్లో నిలబడింది. ఏడున్నరకు రావాల్సిన బస్సు రాలేదు. సైకిళ్ళ మీద వెళ్తున్న స్నేహితులు ఆగి, “వెనక ఎక్కవే,” అన్నారు. తండ్రి మాట గుర్తొచ్చి, “బస్సు వచ్చేస్తుందిలే, మీరు వెళ్ళండి,” అంది. ఎనిమిది దాటాక బస్సు దారిలో చెడిపోయిందని తెలిసింది. అప్పటికి అటు వెళ్ళేవాళ్ళందరూ వెళ్ళిపోయారు.

పిల్ల ఇంటికి పరుగెత్తింది. బసవపున్నయ్య మంచం మీద లేచి కూర్చున్నాడు. కాలు కింద పెట్టబోయి కూలబడ్డాడు. భార్య తిరపతమ్మ వీధిలోకి వెళ్ళి చూసింది. కోతల రోజులు కావడంతో మగవాళ్ళంతా పొలాల్లో ఉన్నారు. షాపులో పద్నాలుగు సైకిళ్ళున్నాయి. ఆ ఇంట్లో వాటిని తొక్కగలిగిన మనిషి ఒక్కడే, అతనికి కాలు లేవదు.

“ఒక సైకిలు తీసుకుపో తల్లీ. దారిలో తొక్కడం వచ్చినవాళ్ళెవరైనా కనబడితే దింపమని అడుగు,” అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతనికి తల ఎత్తబుద్ధి కాలేదట. తర్వాత నాకు తనే చెప్పాడు.

ఆ రోజు నాకు వేమవరం కేంద్రంలో డ్యూటీ పడడంతో తెల్లవారుజామునే మొదటి బస్సుకు వెళ్ళిపోయాను. తొమ్మిదింటికి పరీక్ష మొదలైంది. అరగంట దాటితే ఎవరినీ లోపలికి రానివ్వకూడదని నిబంధన. ఒక బెంచీ ఖాళీగా ఉంది. నెంబరు చూస్తే రుద్రమదేవిది. నేను నిమిషానికోసారి కిటికీ దగ్గరికి వెళ్ళాను. తొమ్మిదిన్నర అయింది. గేటు మూశారు.

పది కావస్తుండగా రోడ్డు మీద రుద్రమదేవి కనిపించింది. ఎర్రటి ఎండలో, చెమటతో తడిసిపోయి, సైకిలు నడిపించుకుంటూ వస్తోంది. తొక్కుతూ కాదు, పక్కన నడుస్తూ. దారిలో ఆ పిల్లకు ఎదురొచ్చేవాళ్ళే గాని అటు వెళ్ళేవాళ్ళు ఒక్కరూ దొరకలేదు.

నేను వెళ్ళి పరీక్షా కేంద్రం పెద్దాయన్ను బతిమాలాను. ఆయన మంచివాడే, కానీ రూలు రూలే. “ఒకరికి తీస్తే అందరికీ తీయాలమ్మా,” అన్నాడు. గేటు ఇవతల నేను, అవతల ఆ పిల్ల నిలబడ్డాం.

“ఆ సైకిలు దారిలో ఎవరింట్లోనైనా పెట్టి పరుగెత్తి రావలసింది కదే,” అన్నాను.

“నాన్న షాపు సైకిలు టీచర్‌గారూ, ఎలా వదిలేస్తాను?” అంది. అప్పుడు ఏడ్చింది. నాకూ ఏడుపు ఆగలేదు.

సాయంత్రం బస్సు టాపు మీద సైకిలు వేయించి ఇద్దరం ఊరికి వచ్చాం. బసవపున్నయ్య గుమ్మంలో కుర్చీ వేసుకుని ఎదురుచూస్తున్నాడు. మా ముఖాలు చూడగానే అతనికి అర్థమైంది. అయినా, “ఏమైంది తల్లీ?” అని అడిగాడు.

ఆ పిల్ల కోప్పడలేదు. సైకిలు గోడకు ఆనించి, తండ్రి పక్కన నేల మీద కూర్చుంది.

“నాన్నా, నాకు రుద్రమదేవి పేరు పెట్టావు. గుర్రం ఇవ్వలేదు,” అంది.

బసవపున్నయ్య రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. నేను తలుపు దగ్గరే నిలబడిపోయాను. ఆ పేరు చెప్పింది నేను. ‘గుర్రం ఏ రంగుదండీ’ అని అడిగితే రంగు చెప్పాను గాని, అది బోర్డు మీద ఉంటే చాలదని చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే నాకు కబురు వచ్చింది. వెళ్ళేసరికి బసవపున్నయ్య బోర్డు కింద కాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చున్నాడు. “నేను పరుగెత్తలేను పంతులమ్మగారూ. సీటు మీరు పట్టుకోవాలి,” అన్నాడు. నాకు అప్పటికి నలభై ఏడేళ్ళు. చీర కుచ్చిళ్ళు దోపుకుని సీటు పట్టుకుని పరుగెత్తాను. సెంటర్లో టీ తాగేవాళ్ళందరికీ ఆ పూట మంచి కాలక్షేపం దొరికింది.

మూడో చుట్టులో నా చేయి జారింది. రుద్రమదేవి బోర్లా పడింది. మోకాలు చీరుకుపోయి నెత్తురొచ్చింది. బసవపున్నయ్య చేయి టించరు సీసా మీదికి పోయింది. సీసా పట్టుకున్నాడు, కానీ లేవలేదు. “లే తల్లీ. మళ్ళీ ఎక్కు,” అన్నాడు. పిల్ల లేచి ఎక్కింది. ఆ రోజు ఇంకో ఐదుసార్లు పడింది, ఆరోసారి పడలేదు.

ఆ ఏటి నర్సు ట్రైనింగు పోనే పోయింది. సెప్టెంబరులో మళ్ళీ లెక్కల పరీక్ష వచ్చింది. ఆ పొద్దున షాపు ముందు ఒక సైకిలు నిలబడి ఉంది. చక్రాల నుంచి హ్యాండిలు దాకా తెల్ల రంగు. రంగు సమంగా అంటలేదు, అక్కడక్కడా కారింది.

“గుర్రం తెల్లదని మీరే చెప్పారు కదండీ,” అన్నాడు బసవపున్నయ్య నాతో.

రుద్రమదేవి ఎక్కి కూర్చుంది. “జాగ్రత్త” అనే మాట అతని పెదాల దాకా వచ్చింది, నేను చూశాను. మింగేసి, “వెళ్ళిరా,” అన్నాడు. పిల్ల గంట మోగిస్తూ మలుపు తిరిగింది. ఆమె తర్వాతి సంవత్సరం ట్రైనింగులో చేరింది. నర్సయి పాతికేళ్ళు ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి ఎన్ని కాన్పులు చేసిందో లెక్కలేదు. ఇప్పుడు ఆ షాపూ లేదు, బసవపున్నయ్యా లేడు. బోర్డు మాత్రం రుద్రమదేవి ఇంట్లో ఉంది. బల్ల కాళ్ళ గుర్రం ఇంకా వెలిసిపోలేదు.

ఇప్పటికీ ఆడపిల్ల పుట్టిందని, గొప్ప పేరు చెప్పమని నా దగ్గరికి వస్తూ ఉంటారు. “పేరుకేం, ఎన్నైనా చెబుతాను. ముందు గుర్రం సంగతి ఏం ఆలోచించారో చెప్పండి,” అంటాను. వాళ్ళు తెల్లబోతారు. అప్పుడు కూర్చోబెట్టి ఈ కథ చెబుతాను.

నీతి: బిడ్డకు గొప్పవారి పేరు పెట్టడం ఒక్క పూట పని, ఆ పేరుకు తగ్గట్టు పడి, లేచి, ముందుకు సాగనివ్వడమే అసలైన పెంపకం.