మనిషి వస్తేనే గరిటె

ధమ్మనందుడికి ధ్యానానికి తీరిక దొరకడం లేదు. ఊరంతా తిండి లేక మలమల మాడుతున్న ఆ ఏడు, అతనికి మాత్రం అదే పెద్ద బాధ.

వానలు మొహం చాటేశాయి. కృష్ణ సన్నటి పాయగా చిక్కిపోయింది. ఊళ్లకు ఊళ్లు లేచి, దొరికిన దారిన నడిచి, కొండవాలులోని బౌద్ధ విహారం ముంగిటికి చేరాయి. భిక్షువులు భిక్షకు వెళ్లడం మానేశారు. పెట్టే చేతులే ఇక్కడికొచ్చి అడుక్కుంటుంటే ఇంకెక్కడికని వెళ్తారు? వర్తకులు మంచి రోజుల్లో ఇచ్చిన జొన్నలు గాదెల్లో ఉండబట్టి అంబలి కాస్తున్నారు. పొయ్యి వెలిగించడం, కాయడం, పోయడం, గంగాళం తోమడం, మళ్లీ వెలిగించడం. ఆ పని ధమ్మనందుడి నెత్తిన పడింది.

అతను సామాన్యుడు కాడు. కళ్లు మూసుకుంటే చెవి పక్కన శంఖం ఊదినా కదలడని పేరు. ఆ పేరంటే అతనికి లోలోపల చాలా ఇష్టం కూడాను. అలాంటివాడికి ఇప్పుడు పొద్దస్తమానం గరిటె, పొగ, జనం.

జనంతోనే వచ్చింది చిక్కు. "మా అత్త లేవలేకపోతంది, ఇంకో గరిటె పొయ్యి సామీ" అని ఒకామె. "ఆయనకి అడుగునుంచి తీసి చిక్కగా పోశావు, నాకేమో నీళ్లు" అని ఇంకొకాయన. ఒకరికి జవాబు చెప్పేలోపు ఇద్దరు తగువుకు దిగేవారు. అతని ధ్యాస చెల్లాచెదురయ్యేది.

అందుకని ఒక పద్ధతి పెట్టాడు. వరుసలో మాటల్లేవు. మనిషికొక గరిటె. మనిషి వస్తేనే గరిటె, రానివాళ్ల పేరు చెప్పి అడిగితే లేదు. చంకలో పసిబిడ్డ ఉంటే వాడూ వచ్చినట్టే, వాడికీ ఒక గరిటె. ఇందులో అన్యాయమేముంది?

పద్ధతి బ్రహ్మాండంగా సాగింది. ముంత వస్తుంది, గరిటె వంగుతుంది, ముంత వెళ్తుంది. గరిటె ముంచేటప్పుడు ఊపిరి లోపలికి, పోసేటప్పుడు బయటికి. అతని చూపు గరిటె అంచు దాటి పైకి లేచేది కాదు. పని చేస్తూనే సాధన చేస్తున్నానని తనను తానే మెచ్చుకున్నాడు.

అయినా తనివి తీరలేదు. ఒక సాయంత్రం గురువు సిరిపాలుడి దగ్గరికి వెళ్లాడు. ఆ ముసలి భిక్షువు పెరట్లో కూర్చుని మర్నాటి పొయ్యికి పుల్లలు విరుస్తున్నాడు.

"భంతే, నన్ను కొండమీది గుహకు పంపండి."

"ఇక్కడేమైంది నాయనా?"

"కూర్చోవడానికి తీరిక లేదు. పనిలోనే ఎరుక నిలుపుకుంటున్నాను, కానీ అది చాలడం లేదు."

"నిలుస్తోందా?"

"నిలుస్తోంది భంతే. ఎంతమంది వచ్చినా చెదరడం లేదు."

సిరిపాలుడు చేతిలోని పుల్ల విరిచి పక్కన పెట్టాడు. "రేపు వచ్చి నీ పక్కన కూర్చుంటాను" అన్నాడు. భుజం తట్టి పంపిస్తాడనుకున్న శిష్యుడికి ఆ మాట చప్పగా తోచింది.

మర్నాడు గురువు గంగాళం పక్కన ఒక మొద్దు మీద కూర్చున్నాడు. వచ్చినవాళ్లందరి మొహాలూ చూస్తున్నాడు. ధమ్మనందుడు ఆ రోజు గరిటెను మరీ నిదానంగా, ఒక్క చుక్క తొణక్కుండా వంచాడు. గురువు చూస్తున్నాడు కదా మరి.

ఒకామె వచ్చింది. భుజం మీద బిడ్డ, పైన కొంగు కప్పి ఉంది. రెండు ముంతలు చాచింది. ధమ్మనందుడు ఆమెకొక గరిటె, బిడ్డకొక గరిటె పోశాడు. తర్వాతి ముంత కోసం గరిటె ముంచాడు.

సిరిపాలుడు లేచాడు. "తల్లీ, బిడ్డను ఇటియ్యి."

ఆమె వెనక్కి జరిగింది. "నిద్దరోతన్నాడు సామీ."

ఆయన చాచిన చేతులు వెనక్కి తీసుకోలేదు. కాసేపటికి ఆమె ముంతలు నేలమీద పెట్టి, బిడ్డను ఆ చేతుల్లో పెట్టింది. కొంగు జారింది. వరుసలో ఎవరో "అయ్యో" అన్నారు.

"ఎప్పుడమ్మా?"

"నిన్న పొద్దున." ఏడవడానికి కూడా ఓపిక లేని గొంతు అది. "పెద్దది రాళ్ల చాటున పడుంది సామీ, లేవలేదు. మనిషొస్తేనే గరిటె అన్నారు గదా. అందుకని వీణ్ణి మోసుకొచ్చా." ధమ్మనందుడి వైపు చూసి, కృతజ్ఞతగానే అంది. "ఈ సామి నిన్న గూడా పోశాడు."

గరిటె గంగాళంలోకి జారిపోయింది.

"ముందు వెళ్లి పెద్దదానికి తాగించు తల్లీ. వీడు మా దగ్గరుంటాడు" అన్నాడు సిరిపాలుడు. ఆమె రెండు ముంతలూ పట్టుకుని వెళ్లింది.

ఆయన శిష్యుణ్ణి గోడవారగా పరిచి ఉన్న అతని ధ్యానపు చాప దగ్గరికి తీసుకెళ్లాడు. కూర్చోబెట్టాడు. బిడ్డను అతని ఒళ్లో పెట్టాడు.

"తీరిక అడిగావు కదా. కూర్చో."

తిరిగి వెళ్లి, గరిటె వెతికి తీసి, తనే పోయసాగాడు.

ధమ్మనందుడు కళ్లు మూసుకోబోయాడు. మూతపడలేదు. ఊపిరిని గమనించబోయాడు. తన ఊపిరి తనకే పెద్దగా, సిగ్గులేనిదానిలా వినపడింది. బిడ్డ తల అరచేతిలో ఇమిడిపోయింది. ఈగలు వాలుతుంటే తోలాడు. అప్పుడు కనిపించింది, బుగ్గ మీద దిష్టిచుక్క. నిన్నటిది కాదు. ఇవ్వాళ పొద్దున పెట్టింది. అతని వేలికి ఇంకా అంటుకుంటోంది. శంఖానికి కదలని ఆ మనిషి ఒళ్లంతా వణికిపోతూ ఏడ్చాడు.

ఎండ నడినెత్తికొచ్చాక ఆమె తిరిగొచ్చింది. "రెండు గుక్కలు తాగింది" అని మాత్రం చెప్పింది. ఏటి ఇసుకలో బిడ్డను పూడ్చారు. గుంట ధమ్మనందుడే తీశాడు.

వచ్చి గురువు కాళ్ల మీద పడ్డాడు. "భంతే, ఆ గరిటె ముట్టుకునే అర్హత నాకు లేదు. గుహకు పంపండి. బతికినన్నాళ్లూ అక్కడే ఈ పాపం కడుక్కుంటాను."

సిరిపాలుడు అతని చేయి పట్టి లేపి, చేతిలో గరిటె పెట్టాడు.

"అంబలి చల్లారిపోతోంది నాయనా."

ధమ్మనందుడు గంగాళం దగ్గర నిలబడ్డాడు. వరుసలో ముందున్నది ఒక ముసలాయన. కళ్లు గుంటలు పడి, మెడనరాలు తేలి ఉన్నాడు. ధమ్మనందుడు గరిటె ముంచలేదు. ఆ మొహంలోకే చూస్తూ ఉండిపోయాడు. ఎంతకీ చూపు తిప్పడే! ముసలాయన బెదిరిపోయి, ముంత గుండెకు అదుముకున్నాడు.

"బతికే ఉన్నా సామీ" అన్నాడు.