ఆగని మూడు సర్వర్లు

ఏకాంబరం మాస్టారికి ఒక పాడలవాటు ఉంది. ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, చెప్పులేసుకుని బయల్దేరతారు. అడిగినవాళ్ళు నోరు మూసుకుని వెంట నడవాలి. నెల్లూరులో ఆయన దగ్గర కంప్యూటరు విద్య నేర్చుకున్నవాళ్ళందరూ ఇలా ఎండలో నడిచి నడిచి మాడినవాళ్ళే.

వాళ్ళలో నీలవేణి చురుకైనది. ఊళ్ళో ఒక పెద్ద ఆసుపత్రికి రోగుల వివరాలు చూపించే ఏర్పాటంతా తనే కట్టింది. ఒక సర్వరు ఆగినా పని ఆగకూడదని మూడు పెట్టింది. ఒకసారి తెచ్చుకున్న వివరాన్ని ప్రతి సర్వరూ తన దగ్గరే దాచుకుని, మళ్ళీ అడిగితే అదే చటుక్కున అందిస్తుంది. పెట్టిన నాటి నుంచి సేవ ఒక్క నిమిషం కూడా ఆగలేదని ఆ పిల్లకు మహా గర్వం, ఉండదూ మరి. మాస్టారిది మాత్రం ఒకటే పాట: ఒకచోట వివరం మారితే మిగతా రెండిటికీ ఎవరు చెబుతారని. విని విని విసుగొచ్చి ఒకరోజు అడిగేసింది.

"కాసేపు పాత జవాబిస్తే కొంపలేం మునుగుతాయి మాస్టారూ? అసలు జవాబే రాకపోవడం కంటే నయం కదా?"

ఆ ఉదయమే మెట్ల మీద జారి ఆయన ఎడమ మణికట్టు వాచిపోయి ఉంది. చెయ్యి చూపించుకుందాం పదమని ఆ ఆసుపత్రికే బయల్దేరదీశారు.

డాక్టరు కంప్యూటర్లో మాస్టారి వివరాలు తెరిచి, చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, ఎక్స్‌రే తీయించుకు రమ్మన్నాడు. దారిలో మాస్టారు కౌంటరు దగ్గర ఆగారు. ఫలానా నొప్పి ఇంజెక్షను తనకు సరిపడదని, ఎప్పుడో చేస్తే గొంతు వాచి ఊపిరి ఆగబోయిందని చెప్పి రాయించారు. 'సరిపడని మందులు' అన్నచోట ఆ ఇంజెక్షను పేరు ఎర్రగా పడడం నీలవేణి కళ్ళారా చూసింది. తన పనితనానికి లోలోపల మురిసిపోయింది కూడా.

ఎముక విరగలేదు. డాక్టరు మళ్ళీ స్క్రీను చూసి, నొప్పికి ఇంజెక్షను రాసి పక్కగదికి పంపాడు. అక్కడ సిస్టరు కూడా స్క్రీను చూసుకునే సిరంజిలోకి మందు ఎక్కించింది. ఏం ఇంజెక్షనని నీలవేణి మాటవరసకు అడిగితే పేరు చెప్పింది.

మాస్టారు కౌంటరులో రాయించిన పేరే అది. తప్పు విన్నానేమోనని నీలవేణి స్క్రీను వైపు తిరిగింది. సరిపడని మందులు: లేవు. డాక్టరు గదికీ ఈ గదికీ జవాబిచ్చింది రెండో సర్వరు. డాక్టరు మొదట తెరిచినప్పటి పేజీనే అది భద్రంగా దాచుకుని మళ్ళీ మళ్ళీ చూపిస్తోంది. కౌంటరులో రాయించిన మాట మొదటి సర్వరుకు తెలుసు, దీనికి చెప్పిన నాథుడు లేడు. చెప్పేలా కట్టనిది తనే.

మాస్టారు చొక్కా చెయ్యి పైకి మడిచి, పెదవి విప్పకుండా కూర్చున్నారు. సూది దగ్గరికొస్తోంది. ఆ మహానుభావుడు చెయ్యి వెనక్కి తీసుకుంటారేమోనని నీలవేణి చూసింది. తీసుకోలేదు. ఒక్క దూకు దూకి సిస్టరు చెయ్యి పట్టేసుకుంది. సిరంజి కిందపడి బల్ల కిందికి దొర్లిపోయింది.

సిస్టరుకు ముందు ఒళ్ళు మండింది. విషయం చెప్పాక పేజీ మళ్ళీ తెరిచింది. ఈసారి మొదటి సర్వరు జవాబిచ్చింది, ఎర్ర అక్షరాలున్నాయి. ఇంకోసారి తెరిచింది, మళ్ళీ రెండోది పలికింది, అక్షరాలు లేవు.

"నేను చూసే కదమ్మా ఎక్కించాను," అంది.

బయటికొచ్చాక నీలవేణి వరండాలో బెంచీ మీద కూలబడి ఏడ్చేసింది. నోరు విప్పి ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదా, నేను పట్టుకోకపోయుంటే ఏమయ్యేదని మాస్టారిని నిలదీసింది. ఆయన వాచిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చున్నారు.

"ఒక్క సర్వరు కూడా ఆగలేదు మాస్టారూ," అంది చివరికి, తనలో తను అనుకున్నట్టు.

"అవునమ్మా. మూడూ ఆగి ఉంటే ఆ సిస్టరు నన్ను అడిగేది," అన్నారు మాస్టారు.