కిటికీలో గోనెపట్టా

ఉదయం ఆరూ ఇరవైకి అప్పలస్వామి వంటింటి కిటికీకి గోనెపట్టాను మేకులతో మరోసారి బిగిస్తున్నాడు. మన్యంలోని ఆ కొండ ఊళ్ళో మార్గశిరం వచ్చిందంటే మంచు ఇళ్ళలోకి చొరబడుతుంది. నెలల పిల్ల కొన్నాళ్ళుగా దగ్గుతోంది. వెచ్చగా ఉంటుందని ఉయ్యాలను పొయ్యి ఉన్న గదిలోనే కట్టారు.

"ఇక్కడ ఊపిరాడట్లేదండీ," అంది భార్య నూకరత్నం, కట్టెలు ఎగదోస్తూ.

"మంచు లోపలికొస్తే పిల్లకి ఆడదు," అన్నాడతను.

అప్పుడే గవరయ్య మాస్టారు వచ్చారు. అప్పలస్వామికి కెమిస్ట్రీ చెప్పినాయన. రోజూ నడక ముగించి శిష్యుడింట్లో టీ తాగి వెళతారు. ప్రశ్న అడిగితే జవాబు చెప్పకపోవడం ఆయనకు పాత అలవాటు. ఇప్పుడు తనూ బడిలో అదే పాఠం చెబుతున్న అప్పలస్వామికి ఆ అలవాటు మీద ఓపిక ఎప్పుడో నశించింది.

అయినా అడిగాడు. "మాస్టారూ, ఇవాళ కొల్లాయిడ్లు చెప్పాలి. పొగమంచులో గాలిలో తేలేది ద్రవం, పొగలో ఘనం. రెండూ ఏరోసాల్సే. ఈ రకాలన్నీ బట్టీ పట్టించి పిల్లల ప్రాణాలు తీయడమెందుకు? ఒక్క పేరు చెబితే చాలదా?"

మాస్టారు ఉయ్యాల వైపు చూశారు. లేచి వెళ్ళి, అప్పుడే బిగించిన పట్టాను మేకులతో సహా ఊడబెరికారు.

"అయ్యో, చంటిదానికి మంచు పడదు మాస్టారూ! ఒక్కసారైనా నోటితో జవాబు చెప్పరాదా?" అన్నాడు అప్పలస్వామి.

మాస్టారు జేబులోంచి తెల్ల రుమాలు తీసి, ఒక కొసతో పట్టా బయటి వైపు రుద్దారు. కొస తడిసింది, తెల్లగానే ఉంది. రెండో కొసతో లోపలి వైపు రుద్దారు. అది మసిబారింది. రుమాలు శిష్యుడి చేతిలో కుక్కారు.

"ఇది ఎండెక్కితే పోతుంది," అన్నారు తడి కొస చూపించి. తర్వాత నల్ల కొసను పైకి తిప్పి పెట్టారు.

ఉయ్యాలలో పిల్ల దగ్గింది.

"ఒరే, నీ కూతురు ఈ పట్టాకి ఏ వైపున పడుకుంటోందిరా?"

వారం తిరిగేసరికి పాప దగ్గు తగ్గింది. పట్టా గుమ్మంలో కాళ్ళు తుడుచుకోవడానికి పడింది. రుమాలు మాత్రం తిరిగి రాలేదు. అది ఉతక్కుండా తొమ్మిదో తరగతి గదిలో, నల్లబల్ల పక్కన మేకుకు వేలాడుతోందని మాస్టారికి ఆ తర్వాత తెలిసింది.