అలసంద వేరులో దాక్కున్నవాళ్లు

ఒకప్పుడు అలసంద వేళ్లు కూడా జొన్న వేళ్లలాగే నున్నగా ఉండేవి. పీకి చూస్తే మట్టి తప్ప ఇంకేమీ కనిపించేది కాదు. ఆ మట్టిలో కంటికి కనబడని బుల్లి జీవులు కోట్లకొద్దీ ఉండేవి. వాటికి ఇల్లూ వాకిలీ లేదు. చోటు దొరికిన చోటల్లా తిరిగేవి, పని చేసుకునేవి, తమలో తాము కబుర్లాడుకునేవి.

ఆ రోజుల్లో సుంకమ్మ అనే రైతు ఉండేది. ఇంట్లో ఆమె, ఆమె అత్త హనుమక్క, ఇద్దరే. సుంకమ్మ తన నల్లరేగడి చేలో జొన్న వేసి, గట్టు పక్కన ఒక సాలు అలసంద పెట్టేది.

ఒక ఏడు జొన్న ఆమె తలకంటే ఎత్తు పెరిగింది. సుంకమ్మ కొడవలి పట్టుకుని చేలోకి దిగి, మొదటి కంకిని అరచేతిలో నలిపింది.

గింజలు రాలలేదు. నల్లటి పొడి రాలింది.

ఇంకో కంకి నలిపింది. అదీ అంతే. గింజ ఉండాల్సిన చోటల్లా ఒక చిన్న సంచి, సంచి నిండా కాటుక. ఇంతలో గాలి వీచింది. చేనంతా నల్లటి పొగ లేచి సుంకమ్మ ముఖాన పడింది. ఏడవడం కూడా మరిచిపోయి ఆమె సాలు మధ్యలో కూలబడింది.

"ఎవరు చేశారిది?" అని మట్టిని అడిగింది.

"నీ కంటికి కనబడని జీవులు," అంది మట్టి. "కానీ అందరూ కాదమ్మా..."

మిగతా మాట సుంకమ్మ వినలేదు. తలెత్తి సూర్యుణ్ణి పిలిచింది.

"సామీ, కంటికి కనబడని జీవులన్నిటినీ కాల్చెయ్యి."

"అన్నిటినీనా?" అని సూర్యుడు తటపటాయించాడు. "వాటిలో మంచివీ ఉన్నాయమ్మా."

"కనబడనివాటిలో మంచివేవో చెడ్డవేవో నాకెట్లా తెలుస్తుంది? ఒక్కటీ మిగలకూడదు."

ఎండాకాలం రాగానే సుంకమ్మ గట్టు పక్క అలసంద సాలు తప్ప చేనంతా లోతుగా దున్ని మట్టిని తిరగేసింది. ఇంట్లో కుండలన్నీ తెచ్చి వాకిట్లో ఎండబెట్టింది. పెరుగు కుండను కూడా వదల్లేదు. విత్తనాల కుండ ఒక్కటే కదపలేదు. అంత ఎండకు విత్తనం చెడుతుందని, మూత చుట్టూ మట్టి మెత్తి మూలన ఉంచింది.

సూర్యుడు ఆమె చెప్పినట్టే చేశాడు. నలభై రోజులు చేను పెనంలా కాలింది. మట్టిలోంచి సన్నటి కేకలు వినిపించాయి. సుంకమ్మ చెవులు మూసుకుంది. ఆ తరవాత ఏ చప్పుడూ లేదు.

వానలు పడ్డాయి. తొలకరి చినుకులకు మట్టి వాసన రాలేదు. ఇదేమిటా అనుకుంటూనే సుంకమ్మ విత్తనం వేసింది.

నెల తిరక్కముందే ఒక పొద్దున హనుమక్క పాలకుండ పట్టుకుని వచ్చింది.

"అమ్మీ, రాత్రి తోడేసిన పాలు పాలలాగే ఉన్నాయి. రోజూ ఇంతే. దిబ్బలో వేసిన ఆకు కూడా వేసినట్టే ఉంది, మగ్గడం లేదు. నువ్వు చేను చూసుకున్నావా?"

సుంకమ్మ చేలోకి పరుగెత్తింది. జొన్న జానెడు కూడా లేదు. ఆకులన్నీ పసుపు పూసినట్టున్నాయి. ఒంగి మట్టిని పిలిచింది. మట్టి పలకలేదు. మళ్లీ పిలిచింది. చచ్చినదాన్ని పిలిచినట్టుంది.

గట్టు దాకా వెళ్లి నిలబడిపోయింది. దున్నకుండా వదిలేసిన పోయినేటి అలసంద మొక్కలు గట్టు నీడలో పచ్చగా ఉన్నాయి. ఒకటి పీకి చూసింది. వేళ్లనిండా బుడిపెలు.

"తెగులు ఇక్కడికీ వచ్చింది," అనుకుని ఒక బుడిపెను గోటితో గిల్లింది. వేలికి ఎర్రగా అంటుకుంది.

నెత్తురు.

"గిల్లొద్దమ్మా," అంది బుడిపెలోంచి ఒక సన్నటి గొంతు. "లోపల మేమున్నాం. ఎండ తరుముతుంటే రాయిని చోటడిగాం. రాయే కాలిపోతోంది. ఈ అలసంద ఒక్కతే తన వేరు తలుపు తీసింది."

"గాలి ఎక్కువ తగిలితే వీళ్లు పని చెయ్యలేరు," అంది అలసంద. "అందుకే ఈ గదుల గోడలకు నా నెత్తురు పూశాను. నేను వీళ్లకు తిండి పెడతాను. వీళ్లు గాలిలోంచి సత్తువ తీసి నాకిస్తారు."

"మరి నా జొన్నను కాటుక చేసిందెవరు?"

"మేం కాదమ్మా. అది చేసినవాళ్లకు ఎండ సోకనే లేదు. నీ విత్తనాల కుండలో ఉన్నారు."

సుంకమ్మ ఇంటికి ఎలా చేరిందో ఆమెకే తెలీదు. కుండ అడుగున మిగిలిన విత్తనాలు గుప్పెడు తీసి అరచేతిలో రుద్దింది. చెయ్యి నల్లబడింది.

"అత్తా, మేలు చేసేవాళ్లను చేలోంచి తరిమాను. పైరును మింగినవాళ్లను ఇంట్లో దాచిపెట్టుకున్నాను."

హనుమక్క చాట తీసుకుంది. "ఆ విత్తనాలు ఇట్లా తే. కడిగి ఎండబెడదాం," అంది.

మర్నాడు సుంకమ్మ అలసంద దగ్గరకు వెళ్లి మోకాళ్ల మీద కూర్చుంది.

"తెలీక చేశాను. బయటికి రండి. ఇంకెప్పుడూ మీ మీదికి ఎండను పిలవను."

"నీ మాట నమ్ముతాం, కానీ ఇల్లు వదలం," అన్నాయి ఆ జీవులు. "ఈ మొక్క ఎండిపోయాక మట్టిలోకి దిగుతాం. కొత్త మొక్క మొలవగానే వేరు తలుపు తడతాం. తీస్తే లోపలికి వెళ్తాం."

సుంకమ్మ ఆ పంటకు అలసందను పీకలేదు. పైన కోసుకుని, వేళ్లను మట్టిలోనే వదిలింది. మట్టి మెల్లగా మళ్లీ మాటలు నేర్చుకుంది.

అలసంద ఈ సంగతి తన చుట్టాలందరికీ చెప్పింది. పెసర, మినుము, కంది, శనగ ఒకరి తరవాత ఒకరు తలుపులు తీశారు. ఆ జీవులు జొన్న తలుపూ తట్టాయి. కానీ కాటుక పాలైన జొన్నకు ఆ దెబ్బ ఇంకా పచ్చిగానే ఉంది. కంటికి కనబడనివాళ్ల చప్పుడు వినగానే వణికిపోయి గడియ బిగించుకుంది.

అప్పటినుంచే పప్పుజాతి మొక్కల వేళ్లకు బుడిపెలుంటాయి, పచ్చి బుడిపెను గిల్లితే లోపల ఎర్రగా కనిపిస్తుంది. జొన్న వేరుకు మాత్రం ఈనాటికీ ఒక్క బుడిపె కూడా లేదు.