ఊరికే కూర్చునే నూనె

మౌలాలికి వచ్చిన చిక్కల్లా ఒకటే. వాళ్ళ గురువు ఏ పనీ చెయ్యడు.

గురువు పేరు కాశింపీర. ఆలూరు వైపు నల్లరేగడి చేల మధ్య, వాము బాగా పండే చోట, ఆయన తకియా ఉంది. తకియా అంటే ఫకీరు ఉండే చోటు. ఒక రేకుల కొట్టం, ఒక వేపచెట్టు, పశువులకు కుడితి తొట్టి, ఓ మూల రాగి బాన. అంతకు మించి అక్కడ ఏమీ లేదు. చుట్టుపక్కల ఊళ్ళకు ఆయన పీరుతాత. కాడి రాసుకుని మెడ పుండుపడిన ఎద్దుల్ని ఆయన దగ్గరికి తోలుకొస్తారు.

వాము దంచాలి. బానలో నీళ్ళు పోసి ఉడికించాలి. ఆవిరి పోయే గొట్టం మీద తడిగుడ్డలు మారుస్తూ చల్లార్చాలి. నీళ్ళ మీద తేలిన నూనెను దూదితో అద్ది తీయాలి. దాన్ని నువ్వుల నూనెలో కలిపి, పుండు కడిగి, పూయాలి. ఇదంతా మౌలాలి పని. తాత చేసేదల్లా ఎద్దు తల దగ్గర నిలబడి, దాని గంగడోలు గోకుతూ కబుర్లు చెప్పడం.

“తిన్నావా నాయనా?” అని మొదలుపెడతాడు.

ఎద్దు తిన్నదీ లేనిదీ చెప్పదు కదా. అయినా ఆయనకు జవాబు అందినట్టే ఉంటుంది. “ఆఁ, చొప్ప బాగలేదంటావా? వానలు అట్లుండాయి మరి” అంటాడు. వాళ్ళిద్దరి ముచ్చట ముగిసేలోపు మౌలాలి మందు పూయడం అయిపోతుంది. ఎద్దు తాలూకు మనిషి వచ్చి తాత కాళ్ళకు మొక్కుతాడు. మౌలాలి చేతులు కడుక్కుంటూ చూస్తుంటాడు.

మౌలాలి తక్కువవాడేం కాదు. దూదేకుల ఇంట పుట్టి, నాయన రెక్కల కష్టం మీద కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చదివాడు. ఉద్యోగం రాలేదు. ఉద్యోగం బదులు కోపం వచ్చింది. కొన్నేళ్ళ కిందట ఇంట్లో గొడవపడి ఏదో బస్సెక్కి, ఎక్కడో దిగి, ఈ తకియా గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. పలకరించినవాళ్ళనల్లా కసురుకున్నాడు. చివరికి తాత వచ్చి పక్కన కూర్చుని, “తిన్నావా నాయనా?” అన్నాడు. పేరు అడగలేదు, ఊరు అడగలేదు. మెడ మీద చెయ్యి వేసి పొద్దు వాలేదాకా ఊరికే కూర్చున్నాడు. ఆ సాయంత్రం మౌలాలి రొట్టె తిన్నాడు. మర్నాడు బాన కింద మంట పెట్టాడు. ఇంక వెళ్ళనే లేదు.

ఆలోచిస్తే, అప్పుడు కూడా తాత చేసిన పనేమీ లేదు.

చదువుకున్న బుర్ర ఊరుకోదు కదా. ఈ వాము నూనెలో అసలు పనిచేసేది ఏదో తేల్చాలని మౌలాలికి పట్టుదల పుట్టింది. నూనెను బుడ్డిలో పోసి ఐసుగడ్డల మధ్య పెట్టాడు. కలకండ పలుకుల్లా తెల్లగా పేరుకుంది. దాన్నే వాము పువ్వు అంటారు. పువ్వును ఏరి తీసేస్తే, నీళ్ళంత పలచని తేట నూనె మిగిలింది.

అసలు నూనె, పువ్వు, తేట నూనె, మూడింటినీ సంచిలో వేసుకుని కర్నూలులో తాను చదివిన కాలేజీకి పోయాడు. ఓ ఎద్దు పుండు నుంచి దూదితో అద్ది తెచ్చిన రసిలోని క్రిముల్ని గాజు పళ్ళేల్లో పెంచి, ఒక్కో మందులో ముంచిన కాగితపు బిళ్ళను ఒక్కో పళ్ళెంలో పెట్టాడు. తెల్లారి చూస్తే పువ్వు బిళ్ళ చుట్టూ క్రిమి అన్నది లేకుండా వెడల్పాటి వలయం. తేట నూనె బిళ్ళ చుట్టూ ఏమీ లేదు. క్రిములు దాన్ని ఆనుకుని హాయిగా పెరిగాయి.

ఒకప్పుడు అక్కడ తనకు పాఠం చెప్పిన మేడం పక్కన నిలబడి ఏదో వివరించబోయింది. మౌలాలికి బస్సు టైమైంది. తలూపుతూనే సంచి సర్దుకుని పరుగెత్తుకొచ్చాడు.

“తాతా, గుట్టు దొరికింది!” అన్నాడు తకియా గడపలోంచే.

తాత చాప మీద కొంచెం జరిగి చోటిచ్చాడు.

“పువ్వు పేరు థైమాల్. క్రిముల్ని చంపేది అదే. ఈ తేట నూనెలో ఎక్కువ భాగం సైమీన్ అనే సరుకు. ఉత్త సోంబేరి. ఊరికే కూర్చుని పేరు పంచుకుంటోంది.”

“పాపం. ఏ పనీ చెయ్యదా?”

“ఏ పనీ చెయ్యదు.”

“మరి అన్నీ కలిసిన మన నూనె? దాని వలయం ఎంత వచ్చింది?”

“అదీ పువ్వు వలయమంతే వచ్చింది.”

“దాంట్లో పువ్వు ఎంతుంటాదప్పా?”

“సగం కూడా ఉండదు.” మౌలాలి చెయ్యి విదిలించాడు. “కొలవడంలో ఎక్కడో పొరపాటయ్యుంటుంది లెండి.”

“అట్లనా,” అని తాత ఊరుకున్నాడు.

మౌలాలి తేట నూనె పారబోయడానికి లేచాడు.

“ఆ బుడ్డి నాకియ్యి,” అన్నాడు తాత. “నాకూ దానికీ బాగా కుదురుతాది.”

అని నవ్వాడు. మౌలాలికి ఆ నవ్వు చురుక్కుమని తగిలింది. తన కడుపులో మాట ఆయనకు ఎప్పుడో తెలిసిపోయిందని అర్థమైంది. ఇంక దాచి లాభం లేదనుకున్నాడు.

“తాతా, నాకు ఇజాజత్ ఇవ్వండి.”

శిష్యుడు వేరే చోట సొంతంగా తకియా పెట్టుకోవాలంటే గురువు నోటితో ఇచ్చే అనుమతి అది. అడిగి తీసుకునేది కాదని మౌలాలికి తెలుసు. తెలిసే అడిగాడు.

“నేనొక్కణ్ణే చూసుకోగలను. ఇక్కడ మాత్రం చేస్తున్నది నేనే కదా.”

తాత కోపగించుకోలేదు. ఆ మాటలో తప్పేముందన్నట్టు తల పంకించాడు. “నిజమే. రేపొచ్చే ఎద్దును నువ్వే చూడు. నీ పువ్వుతోనే చూడు. మానితే నేనే పొమ్మంటా. అంతదాకా చెట్టు కింద కూచుంటా.”

మర్నాడు ఉరుకుందమ్మ వచ్చింది. మొగుడు పోయినప్పటి నుంచి గొర్రు పట్టి తన చేను తానే విత్తుకునే మనిషి. వెంట మల్లిగాడనే ఎద్దు. దాని మెడ మీద రూపాయి బిళ్ళంత పుండు.

“వాన పడింది సామీ, నేల పదునెక్కింది,” అంది తాతతో. “వాము విత్తే అదను ఇదే. ఒంటెద్దుతో గొర్రు సాగదు. అరువు అడుగుదామంటే అందరి ఎద్దులూ చేలల్లోనే ఉండాయి. పదును ఆరేలోపల దీని మెడ మానల్ల. లేకుంటే చేను బీడే.”

తాత మౌలాలి వైపు చెయ్యి చూపించి చెట్టు కిందికి పోయాడు.

మౌలాలి పువ్వును కొద్దిపాటి నువ్వుల నూనెలో చిక్కగా కరిగించాడు. సోంబేరి సరుకు చుక్క కూడా లేని మందు. ఎద్దును గుంజకు కట్టించి, నేరుగా మెడ దగ్గరికి పోయి పుండు నిండా పూశాడు.

మల్లిగాడు ఒక్క ఎగురు ఎగిరాడు. పలుపు తెగింది. గిన్నె ఎటో పోయింది. మౌలాలి వెళ్ళి కుడితి తొట్టిలో కూర్చున్నాడు. తాత చెట్టు కింద నుంచి చూశాడు గాని నవ్వలేదు. అది ఆయన మంచితనం.

మర్నాటికి పుండు చుట్టూ చర్మం కమిలి ఎర్రబడింది. మౌలాలి అలికిడి వింటేనే ఎద్దు బుసకొట్టి కొమ్ములు దించింది. ముకుతాడు బిగించి పట్టుకుంటే దాని కళ్ళ వెంట నీళ్ళు కారాయి గాని మెడ మాత్రం అప్పగించలేదు. ఆ పై రోజుకు ఈగలు ముసిరాయి. పుండు అరచెయ్యి వెడల్పయింది.

ఉరుకుందమ్మ తిట్టలేదు. కొంగుతో ఈగల్ని తోలుతూ, “పదును ఆరిపోతాంది నాయనా,” అని మాత్రం అంది. దానికంటే ఆమె నాలుగు తిట్లు తిట్టినా బాగుండుననిపించింది మౌలాలికి. తన పుండు కాదు, తన చేను కాదు. కాని తప్పు తనది. ఆమెకు ఏడాది తిండి పోతుంది.

చెట్టు కిందికి నడిచాడు. “తాతా,” అన్నాడు.

తాత జుబ్బా జేబులోంచి తేట నూనె బుడ్డి తీశాడు.

“నీ పువ్వు తే.”

నాలుగు పలుకులు బుడ్డిలో వేసి, నెమ్మదిగా తిప్పాడు. పలుకులు ఆ పలచని నూనెలో ఇట్టే కరిగి కనబడకుండా పోయాయి. దాన్ని గిన్నెడు నువ్వుల నూనెలో కలిపాడు. గిన్నె మౌలాలి చేతికిచ్చి, తాను ఎద్దు దగ్గరికి పోయాడు.

“తిన్నావా నాయనా?”

మల్లిగాడు బుసకొట్టాడు. తాత చెయ్యి చాచి ఊరికే నిలబడ్డాడు. ముందుకు పోలేదు, వెనక్కీ రాలేదు. కాసేపటికి ఎద్దే మూతి ముందుకు చాపి ఆ చేతిని వాసన చూసింది. అప్పుడా చెయ్యి మెల్లగా దాని గొంతు కిందికి జారి గంగడోలు గోకడం మొదలుపెట్టింది.

“మంట పుట్టిందా? పుడతాది మరి. ఆ పిల్లోడు మంచోడేలే. తొందర మనిషి, అంతే.”

ఎద్దు మెడ సాచింది. చెవులు వేలాడేసింది. దాని కళ్ళు అరమూతలు పడ్డాయి.

మౌలాలి పక్కనుంచి వచ్చి పుండు కడిగాడు. మందు పూశాడు. ఎద్దు చర్మం ఒకసారి జలదరించి ఊరుకుంది.

పూస్తున్న చెయ్యి ఉన్నట్టుండి ఆగిపోయింది. బస్సు తొందరలో తలూపి వదిలేసిన మేడం మాట ఇప్పుడు అక్షరం పొల్లుపోకుండా గుర్తొచ్చింది.

‘సైమీన్‌ను తీసెయ్యకు మౌలాలీ. అది క్రిమిని చంపదు, నిజమే. కాని క్రిమి ఒంటిపొరలోకి దూరి ఆ పొరను వదులు చేస్తుంది. థైమాల్ లోపలికి పోయేది ఆ సందులోంచే.’

మౌలాలి తలెత్తి చూశాడు. తాత వేళ్ళు గంగడోలు మీద ఆడుతున్నాయి. ఆయన ధ్యాసంతా ఎద్దు మీదే ఉంది. మౌలాలి చెయ్యి దానంతటదే తన మెడ వెనక్కి పోయింది. తకియా గోడకు వీపు ఆనించి, లోకాన్నంతా కసురుకుంటూ కూర్చున్న రోజున ఆ ముసలి చెయ్యి పడింది సరిగ్గా అక్కడే. ఇన్నాళ్ళలో తాను ఆయనకు ఒక్కసారి కూడా మొక్కలేదని గుర్తొచ్చింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“ఏం నాయనా, ఏడుస్తాండావా?” అంది ఉరుకుందమ్మ.

“వాము ఘాటమ్మా,” అన్నాడు మౌలాలి.

రోజూ పొద్దునా సాయంత్రమూ ఆ గంగడోలు ముచ్చట సాగింది. కమిలిన చోట కొత్త చర్మం కమ్మింది. పుండు అంచులు దగ్గరపడ్డాయి. వాళ్ళ అదృష్టం, మధ్యలో మరో చిన్న జల్లు పడి పదును నిలిచింది. మౌలాలి దూది తెప్పించి, నాయన దగ్గర చిన్నప్పుడు నేర్చినట్టు మెత్తగా ఏకి, కాడి కింద వెయ్యడానికి ఒక మెత్త కుట్టాడు. ఆ పని చేస్తున్నంతసేపూ నాయన దూదేకే విల్లు చప్పుడు చెవుల్లో మోగింది. ఇంటికి ఒకసారి పోయి రావాలనిపించింది.

చేను విత్తిన మర్నాడు ఉరుకుందమ్మ వచ్చింది. కొంగున కట్టుకొచ్చిన జొన్నరొట్టెలు చాప మీద పెట్టి, తాత కాళ్ళకు మొక్కింది.

ఈసారి మౌలాలి చేతులు కడుక్కుంటూ చూడలేదు. ఆమె పక్కన తానూ వంగాడు. వంగినవాడు చాలాసేపు లేవలేదు. తాత అతని మెడ మీద చెయ్యి వేసి ఊరికే కూర్చున్నాడు.

ఇజాజత్ సంగతి మౌలాలి మళ్ళీ ఎత్తలేదు. తాతా ఎత్తలేదు.

వాము చేలు పూతకొచ్చి గాలంతా ఘాటెక్కిన రోజుల్లో ఒక కోడెను తోలుకొచ్చారు. నలుగురు పట్టినా నిలవని రకం. మౌలాలి మందు కలిపి గిన్నెను తొట్టి గట్టు మీద పెట్టేశాడు. పట్టుకున్న వాళ్ళనందరినీ పక్కకు జరగమన్నాడు. ఉత్త చేతులతో కోడె ముందుకు పోయి, చెయ్యి చాచి నిలబడ్డాడు. అది బుసకొట్టింది, నేల తన్నింది, చివరికి ఆ చేతిని వాసన చూసింది. మౌలాలి దాని గొంతు కింద చెయ్యి పెట్టాడు.

“తిన్నావా నాయనా?” అన్నాడు.

చెట్టు కింద చాప చప్పుడయింది. తాత లేచి వచ్చాడు. జుబ్బా చేతులు పైకి మడిచి, గట్టు మీది గిన్నె అందుకుని, కోడె మెడ దగ్గర నిలబడ్డాడు.

“అయ్యో తాతా, మీరెందుకు...”

“నువ్వు ఊరికే ఉండు నాయనా,” అన్నాడు తాత, మందు పూస్తూ. “నీకు ఇజాజత్ ఇచ్చినా.”