ఎర్ర కారు మీద నీలం షీటు

గాజువాకలో కార్లకు స్టిక్కర్లు అంటించే సన్యాసిరావు చేతిలో మంచి పనితనం ఉండేది గానీ, మనిషి ఎదురుగా నిలబడితే ‘కాదు’ అనే మాట మాత్రం చచ్చినా అతని నోట్లోంచి వచ్చేది కాదు. ఎవరేమడిగినా ‘అలాగేనండి’ అనేవాడు. సాయంత్రానికి కావాలన్నవాడికీ అలాగే, రేపు పొద్దున్నకి కావాలన్నవాడికీ అలాగే. ఒప్పుకున్న పనులన్నీ నెత్తినేసుకుని పొద్దస్తమానం వంగి వంగి పనిచేసేవాడు. ఇంటికొచ్చి చల్లారిన అన్నం తిని నడుం వాల్చేవాడు. చూసినవాళ్లు ఎంత మెత్తని మనిషో అనేవాళ్లు. మెత్తదనమా పాడా! అది ఒట్టి మొహమాటం. ఆ జబ్బు ఉన్నవాళ్లను నేను చాలామందిని చూశాను. వాళ్లూ అలిసిపోతారు, చుట్టూ ఉన్నవాళ్ల ప్రాణాలూ తీస్తారు.

ఒకరోజు ముకుందం గారని ఒక పెద్దాయన అతని షాపుకు వచ్చారు. పోర్టులో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన దగ్గర రెండు తలుపుల పాత స్పోర్ట్స్ కారు ఒకటి ఉండేది. ఎప్పుడో ఊరొదిలి వెళ్లిపోతున్న ఓడ కెప్టెన్ దగ్గర కొన్నారట. అప్పటికే అది కదలని బండి. ముకుందం గారి అన్నగారు సెలవురోజులన్నీ దాని కిందే పడుకుని, దాన్ని నడిచేలా చేసి, చివరికి పెరట్లో టార్పాలిన్ కట్టి తన చేత్తోనే ఎర్రరంగు కొట్టారు. ఆ అన్నగారు ఇప్పుడు లేరు. సముద్రపు గాలికీ ఎండకీ ఆ ఎరుపు వెలిసిపోయి అక్కడక్కడా తెల్లబారింది.

రంగు వేసే షాపులన్నీ తిరిగొచ్చానని ముకుందం గారు చెప్పారు. ఎక్కడికెళ్లినా పాతది గీకేస్తే గానీ కొత్త రంగు పట్టదన్నారట. అన్నయ్య వేసిన రంగు మీద గరుక్కాగితం పెట్టనివ్వడం ఆయన వల్ల కాలేదు. ఇంతలో ఎవరో కారంతటికీ అంటించే పల్చటి ప్లాస్టిక్ పొర, ఈ వినైల్ షీటు సంగతి చెప్పారు. పైన షీటు తొడిగితే కారు కొత్తదానిలా ఉంటుంది, వద్దనుకున్న రోజున పీకేస్తే కింద రంగు ఎక్కడిదక్కడే ఉంటుంది. ఆ మాట వినగానే ఆయనకు ప్రాణం లేచొచ్చింది. షీటు నీలంలో కావాలన్నారు. అన్నయ్య ఎరుపుకు పోటీగా ఇంకో ఎరుపు వద్దన్నారు.

కంపెనీలో వేసిన రంగైతే ఆయన విన్నమాట నిజమే. ఇంటి దగ్గర కొట్టుకున్న రంగు సంగతి వేరు. రేకును పట్టుకుని ఉండే బలం దానికి ఉందో లేదో ముందు చూడాలి. ముకుందం గారు టీ తాగుతుండగా సన్యాసిరావు కారు వెనక్కి వెళ్లి, చక్రం పైన ఒక టేపు ముక్క గట్టిగా అంటించి చటుక్కున లాగాడు. టేపు నిండా ఎర్రటి పెచ్చులు వచ్చాయి. ఇంకోచోట లాగి చూశాడు. అక్కడా అంతే. షీటు వెయ్యడం వెయ్యొచ్చు, తీసిన రోజున మాత్రం దాంతోపాటు రంగంతా ఊడొస్తుంది. ఆ సంగతి అతనికి అక్కడికక్కడే అర్థమైపోయింది.

చెప్పేద్దామనే ముందుకు వచ్చాడు. ఈలోగా ముకుందం గారు సంచిలోంచి మాడుగుల హల్వా పొట్లం తీసి స్టూలు మీద విప్పారు. అన్నయ్యకు ఇష్టమంటూ అతని చేతిలో ఒక ముక్క పెట్టి, తినేదాకా ఊరుకోలేదు. తింటుంటే ఆ టార్పాలిన్ కింద అన్నదమ్ములిద్దరూ పడ్డ పాట్లన్నీ చెప్పి నవ్వుకున్నారు.

“ఒక్కటే అడుగుతాను నాయనా,” అన్నారు ఆఖర్న. “పీకినప్పుడు మా అన్నయ్య రంగు ఊడదు కదా?”

సన్యాసిరావు ఆయన మొహం చూశాడు. చేతిలోని టేపు ముక్కను ఉండచుట్టి జేబులో వేసుకున్నాడు.

“ఏం ఫర్లేదండి,” అన్నాడు.

మధ్యాహ్నం భోజనం దగ్గర భార్య పైడమ్మకు ఈ సంగతి చెప్పాడు. ఆవిడ వడ్డిస్తున్న చెయ్యి ఆపి, ఇప్పుడే ఫోన్ చేసి ఉన్నమాట చెప్పెయ్యమంది. పెద్దాయన ఎంతో ఆశపడి వచ్చాడు, ఎలా చెప్పేదని అతను గొణిగాడు. “ఇవాళ చెబితే ఆయన కాస్త నొచ్చుకుంటాడు. రంగు ఊడినాక ఏం చెప్పి ఓదారుస్తావు?” అని అడిగింది పైడమ్మ. రేపు చెబుతాలే అన్నాడు. మర్నాడు వెళ్లేసరికి ముకుందం గారు కారును స్వయంగా కడిగి తుడిచి షాపు ముందు నిలబెట్టి ఉంచారు. ఇంక ఆ మాట ఎత్తకుండానే షీటుకు కొలతలు తీసుకోవడం మొదలుపెట్టాడు.

పని మాత్రం వంక పెట్టడానికి లేకుండా చేశాడు. ఎక్కడా బుడగ లేదు, ముడత లేదు. నీలం కారులో ముకుందం గారు బీచి రోడ్డు మీద వెళుతుంటే జనం తిరిగి చూసేవాళ్లు. ఆయన కనిపించిన ప్రతివాడికీ సన్యాసిరావు పేరే చెప్పేవారు. ఆ పొగడ్త వింటే ఇతనికి తిన్నది వంటపట్టేది కాదు. కారు షాపు ముందునుంచి వెళ్లినప్పుడల్లా ఏదో పని ఉన్నట్టు లోపలికి తప్పుకునేవాడు. ఒక్క మాట చెబితే తీరిపోయే బరువును ఏళ్ల తరబడి మోశాడు. ఏం సుఖమో!

షీటుకూ ఆయుష్షు ఉంటుంది. కొన్నేళ్లకు అంచులు లేచి, నీలం పాలిపోయింది. ముకుందం గారు మళ్లీ వచ్చారు. అన్నగారి భార్య శ్రీకాకుళం నుంచి వస్తోందని, ఆవిడకు చూపు మందగిస్తోందని, భర్త వేసిన రంగును కళ్లు కనిపిస్తుండగా ఒకసారి చూస్తానందని చెప్పారు. షీటు తీసెయ్యమన్నారు. అప్పుడైనా చెప్పొచ్చు. నిదానంగా లాగితే ఏమీ కాదేమో అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు, మన సన్యాసిరావు. ఇలాంటివాళ్లు ఆఖరికి తమ దగ్గర కూడా మొహమాటపడతారు.

వేడిగాలి మిషన్ పట్టి, బానెట్ అంచు దగ్గర మొదలుపెట్టి, వేలెడంత వేలెడంతగా లాగాడు. షీటుతోపాటు రంగు లేచొచ్చింది. వేడి తగ్గించాడు, పెంచాడు, ఇంకోవైపు నుంచి లాగాడు. ఎటు లాగినా పొరలు పొరలుగా ఊడిపోయింది. కింద బోడి రేకు, తుప్పు. పక్కనే నిలబడ్డ ముకుందం గారు వంగి ఆ రేకును వేలితో తడిమి చూశారు. సన్యాసిరావే తలవంచుకుని, ఇలా అవుతుందని మొదటిరోజే తెలుసునని, ఆయన్ని బాధపెట్టలేక చెప్పలేదని ఒప్పుకున్నాడు.

ముకుందం గారు అలిసిపోయినట్టు స్టూలు మీద కూర్చున్నారు.

“వద్దని చెప్పుంటే వెలిసిన రంగుతోనే తిరిగేవాణ్ణి కదయ్యా,” అన్నారు. “వెలిసినా అది మా అన్నయ్య వేసిందే కదా.”

సన్యాసిరావు ఏడ్చాడు. కొత్త రంగు తనే వేయిస్తానన్నాడు. ఆయన వద్దన్నట్టు చెయ్యి ఊపి లేచారు. నేల మీద పడున్న షీటును వెనక్కి తిప్పి చూశారు. నీలానికి వెనకవైపంతా ఎరుపు అతుక్కుని ఉంది.

“దీన్ని మడత పడకుండా చుట్టి ఇవ్వు,” అన్నారు. “మా వదినకు ఇదే చూపిస్తాను.”

అతను చుట్టి ఇచ్చాడు. పెద్దాయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని, కారు అక్కడే వదిలేసి నడిచి వెళ్లిపోయారు.

నీతి: చెప్పాల్సిన చోట ‘కాదు’ అని చెప్పకపోవడం మంచితనం కాదు, మన మొహమాటానికి మూల్యం చెల్లించేది మనల్ని నమ్మినవాళ్లే.